జ్వరం లేని ఇంట్లో బ్రెడ్డు

మొన్నీమధ్య ఒక ఆదివారం రాయగడ నుంచి మా అమ్మాయి ఫోను చేసి, కొరాపుట్‌లో చలి ఎలా ఉంది, నాన్న మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్న మామూలు మాటలు కూడా పూర్తికాకముందే, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానమ్మా అంది. బ్యాంకులో పై అధికారితో ఏమైనా మాటామాటా వచ్చిందా, బదిలీ వేశారా అని నేను నా ధోరణిలో అడుగుతూ పోతుంటే అది మధ్యలోనే ఆపి, అదేం కాదు, పాపకి బడికి డబ్బాలో బ్రెడ్డు పెట్టి పంపుతున్నాను, అంది. బ్రెడ్డుకీ బ్యాంకుకీ ఏమిటి సంబంధమో ముందు నా బుర్రకెక్కలేదు. తరవాత మెల్లిగా చెప్పుకొచ్చింది. మా మనవరాలి క్లాసు పిల్లల తల్లులందరూ ఫోనులో ఒక గుంపుగా ఉంటారట. అందులో ఒకావిడ రోజూ తెల్లవారేసరికి తన కూతురి డబ్బాని ఫొటో తీసి పెడుతుందట, పువ్వుల్లా కోసిన క్యారట్లు, రంగురంగుల ఇడ్లీలు. ఆ ఫొటో కింద ఇంకెవరో, కన్నబిడ్డకి మైదా రొట్టె పెట్టే తల్లులకి పొద్దున్నే లేచే ఓపిక లేదనుకోవాలి అని రాశారట. పేరు పెట్టి ఎవర్నీ అనలేదు. అయినా అది నన్నేనమ్మా అని మా అమ్మాయి ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బ్యాంకులో అంతమంది జనానికి సమాధానం చెప్పే పిల్ల, లెక్క తేడా వస్తే పెద్ద పెద్ద వ్యాపారస్తులనే కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడే పిల్ల, ముఖం తెలియని మనిషి రాసిన ముక్కకి ఉద్యోగం వదులుకుంటానంటుందా? మానవద్దు, నేను వస్తున్నాను, అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను, ఎందుకంటే ఒక ఆడదాని ఉద్యోగానికీ ఒక బ్రెడ్డు ముక్కకీ ముడిపెట్టడం నేను చూడడం ఇది మొదటిసారి కాదు.

నా వయసువాళ్ళకి బ్రెడ్డు గురించి విడమర్చి చెప్పనక్కర్లేదు. మన చిన్నతనంలో బ్రెడ్డు అంటే జ్వరం. రాయగడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన నాకు బ్రెడ్డు పొట్లం చూస్తేనే నోరు చేదుగా అయిపోయేది. ఒళ్ళు కాలుతోందంటే చాలు, మా నాన్నగారు సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ మైనం కాగితంలో చుట్టిన బ్రెడ్డు తెచ్చేవారు, మా అమ్మ దాని అంచులు తీసేసి పాలలో ముంచి, ఒక స్టీలు గిన్నెలో పెట్టి మంచం దగ్గరికి తెచ్చేది, మిగతా పిల్లలు గుమ్మంలో నిలబడి జాలిగానో ఆశగానో చూసేవారు. జ్వరం తగ్గి నీళ్ళు పోసుకున్నాక మిగిలిన బ్రెడ్డు ఇంట్లో ఉండడానికి వీల్లేదు, వెంటనే ఆవుకి పెట్టేయాలి. ఒంట్లో బాగున్నవాళ్ళు బ్రెడ్డు తింటే జబ్బుని పిలిచి పీట వేసినట్టని మా పెద్దవాళ్ళ నమ్మకం. మైదాలో ఏముంది, పీచు ఎంత అని అప్పుడెవరూ అడగలేదు. అది పథ్యం, అంతే.

పెళ్ళయి నేను సునాబెడ వచ్చాను. మా ఆయన అక్కడ ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కొండల మీది ఊరు, వానాకాలం వచ్చిందంటే పొగమంచు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చి కూర్చునేది, ఉతికిన బట్టలు వారమైనా ఆరేవి కావు. మా వరసలో అన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే కావడంతో అందరూ దాన్ని తెలుగు లైను అనేవారు. మా అత్తగారు మాతోనే ఉండేవారు. పాలకొండ దగ్గర పల్లెటూరావిడ, భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఉన్నది ఒక్క కొడుకు. నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాననే సంగతి పెళ్ళిచూపుల్లో అందరూ విని మరిచిపోయారు గాని నేను మరిచిపోలేదు. టౌన్‌షిప్‌లో ఒక డ్రాయింగు ఆఫీసులో ట్రేసరు పని ఉందని తెలిసి అర్జీ పెట్టుకున్నాను, వచ్చింది. ట్రేసరు అంటే పెద్దవాళ్ళు పెన్సిలుతో గీసిన బొమ్మని పల్చటి కాగితం మీద సిరాతో వెంట్రుకవాసి తేడా లేకుండా మళ్ళీ గీసే మనిషి. ఇప్పుడా పని లేదు, కంప్యూటర్లు మింగేశాయి. కానీ ఆ ఏటవాలు బల్ల ముందు, ఆ దీపం కింద, ఊపిరి బిగబట్టి ఒక గుండ్రటి గీత మొదలుపెట్టి మొదలుపెట్టిన చోటుకే తెచ్చి కలిపినప్పుడు కలిగిన సంతోషం నాకు పెళ్ళిలో కూడా కలగలేదని చెబితే మా ఆయన ఇప్పటికీ ఉడుక్కుంటారు.

ఉద్యోగానికి మా అత్తగారు అడ్డు చెప్పలేదు, ఒక్క షరతు పెట్టారు. "మగోడు ఏడి బువ్వ తిని డ్యూటీకెల్లాల. అది జరిగితే సాలు, నువ్వెక్కడికెల్లినా నానడ్డం రానమ్మి" అన్నారు. వినడానికి ఎంత చిన్న షరతు! కానీ ఆయనకి పొద్దున్న షిఫ్టు, నాకు ఆ వెంటనే ఆఫీసు బస్సు. తెల్లవారకముందే అన్నం, పప్పు, కూర వండి, ఒకరికి వడ్డించి, ఇద్దరికీ క్యారేజీలు కట్టి బస్సు అందుకోవాలి. ఎండాకాలంలో ఎలాగో నెట్టుకొచ్చాను. వానలు పట్టాక బొగ్గులు చెమ్మగిల్లి కుంపటి రాజుకునేది కాదు, కిరసనాయిలు స్టవ్వు పొగలు కక్కేది, బస్సు నా కళ్ళముందే మలుపు తిరిగి వెళ్ళిపోయేది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది పాటు చూసి, పనికొస్తామనుకుంటేనే ఉంచుకుంటారు. మా సెక్షను పెద్దాయన మంచివాడు, మంచివాడు కాబట్టే ఒకరోజు పక్కకి పిలిచి, నీ చేతిపనికి వంక పెట్టలేను గాని ఆలస్యాలు ఇలాగే ఉంటే నిన్ను ఖాయం చేయమని నేను రాయలేనమ్మా అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే నాకు కాళ్ళ కింద రోడ్డు కనిపించలేదు.

అదే వారంలో నాకు జ్వరం వచ్చింది. మా ఆయన బ్రెడ్డు తెచ్చారు, నేను పాలలో ముంచుకుని తిన్నాను, జ్వరం తగ్గింది. తగ్గిన మర్నాడు నీరసంతో మెలకువ రాలేదు. లేచేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు, కుంపటిలో నిప్పు లేదు, గట్టుమీద ఉన్నవల్లా మిగిలిన బ్రెడ్డు, రాత్రి వండిన క్యాబేజీ వేపుడు. ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. స్టవ్వు మీద అట్లపెనం పెట్టి, ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కూర పెట్టి, విడిపోకుండా పైన నీళ్ళు నింపిన ఇత్తడి చెంబు బరువుగా పెట్టాను. రెండో వైపు తిప్పేసరికి ఎర్రగా కాలి, వంటిల్లంతా ఆ వాసన. ఆయన గుమ్మంలో నిలబడే తిని, ఇంకోటి వెయ్యి అన్నారు. మిగతావి అడ్డాకుల్లో చుట్టి ఇద్దరం చెరొకటి పట్టుకుని పరుగెత్తాం. బస్సు దొరికింది. వేడిది పెట్టాలన్న మాట తప్పలేదు, అన్నం కాకపోవడం ఒక్కటే తేడా.

అలా మొదలైంది. ఆరోగ్యకరమైన సాండ్‌విచ్ ఎలా చేయాలో ఈమధ్య ఫోనుల్లో పాటలు పెట్టి మరీ చూపిస్తున్నారు, చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేను ఎవరి పాటా వినకుండానే నేర్చుకున్నాను, తప్పులు చేసి నేర్చుకున్నాను. సెమిలిగుడ సంతలో కొండవాళ్ళు తెచ్చే క్యాబేజీ, క్యారట్, బీన్సు లేతవి ఏరుకుని వచ్చి సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు కలిపి కాసేపు ఉంచి గట్టిగా పిండేయాలి. పిండకపోతే ఆ నీరే బ్రెడ్డుని ముద్ద చేస్తుంది, మొదటి వారం మా ఆయన క్యారేజీ తెరిచి ముద్దే తిన్నారు పాపం. పిండిన నీరు పారబొయ్యకుండా చారులో పోసేదాన్ని. బంగాళాదుంప ఎక్కువ పెడితే మధ్యాహ్నం కునుకు వస్తుంది, కునుకు వస్తే గీత వంకర పోతుంది, అందుకని దాని బదులు మొలకెత్తిన పెసలు ఉడికించి మెదిపి పెట్టేదాన్ని. వెన్న కొనే స్తోమతు లేదు, ఉన్నా రాసేదాన్ని కాదు. పెరుగుని గుడ్డలో కట్టి వేలాడదీస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది, అది ఒక ముక్కకి రాయాలి. రెండో ముక్కకి పచ్చడి. ఆ పచ్చడి మాత్రం ఈ కొండలదే. చలికాలం ముందు కొరాపుట్ దారి పొడుగునా పసుప్పచ్చగా పూస్తాయే, ఆ వలిసెల గింజలు దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు, గుప్పెడు కొత్తిమీర వేసి గట్టిగా రుబ్బాలి. కాల్చేటప్పుడు మంట తగ్గించి పెట్టాలి, పెనం తనంతట తాను వదిలేదాకా అట్లకాడ ముట్టుకోకూడదు. అంతే. ఇందులో అనారోగ్యం ఎక్కడుందో నాకు చూపించండి.

మా అత్తగారు మాత్రం ఆ వాసనకే ముఖం తిప్పుకునేవారు. మొదట్లో నేను అది పల్లెటూరి అలవాటనుకుని పట్టించుకోలేదు. అంతకన్నా పెద్ద గొడవ వీధిలో మొదలైంది. ఆఫీసు నుంచి వస్తూ నేను బజారులో రోజూ బ్రెడ్డు కొనడం తెలుగు లైనంతా చూసింది. ఒకసారి కొంటే జ్వరం, రెండుసార్లు కొంటే గట్టి జ్వరం, నెలల తరబడి కొంటుంటే ఏమిటి? మా ఆయన అసలే పుల్లలా ఉండేవారు, చలికి మెడకి మఫ్లరు చుట్టుకుని తిరిగేవారు. ఇంకేముంది, పక్కింటావిడ ఒక మధ్యాహ్నం బార్లీ పొట్లం పట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి, "ఏటమ్మి, మీ ఆయనికి ఎన్నాళ్ళనుంచి బాగోనేదు?" అని అడిగింది. బాగానే ఉన్నారండీ, టిఫిను కోసం కొంటున్నాను అంటే, దాచుకోవడానికి అలా అంటున్నాను కాబోలని నా భుజం నిమిరింది. తరవాత ఇంకొకరు సగ్గుబియ్యం తెచ్చారు, ఇంకొకరు బత్తాయిలు. ఆ తరవాత ఏమీ తేవడం మానేశారు. మా ఇంట్లో టీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చుని, తాగకుండా కింద పెట్టి వెళ్ళిపోయేవారు. క్షయ అనే మాట ఎవరూ నా ముందు అనలేదు గాని, దాని చుట్టూ అందరూ తిరుగుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

ఒకరోజు మా అత్తగారు ఎండలో కూర్చుని, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నారు. మామగారు పోయేముందు ఎన్నో నెలలు మంచంలో ఉన్నారట, చివర్లో మెతుకు దిగకపోతే పాలలో నానబెట్టిన బ్రెడ్డు తప్ప మరేదీ గొంతు దాటలేదట, అది కూడా సగం వెనక్కి వచ్చేసేదట. "పొద్దుగాలే నువ్వది కాలుస్తుంటే నాకు ఆ మంచమే కనిపిస్తాదమ్మి. నా కొడుకు పల్లెంలో అది సూడలేను. రొట్టి అయినా ఒగ్గేయి, డ్యూటీ అయినా ఒగ్గేయి" అన్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు చూసి నా గుండె కరిగింది. కరిగింది గాని లొంగలేదు. నాకు ఆ వయసులోనే నోరు ఎక్కువ, అయినా ఆ రోజు అరవలేదు. రెండూ ఒగ్గనత్తా, మీకు కనపడకుండా వెనక వరండాలో కాల్చుకుంటాను, అన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత చాలా రోజులు మా ఇద్దరి మధ్యా ఉప్పు, చింతపండు గురించి తప్ప మాటల్లేవు.

ఈలోపు సంగతి బస్సెక్కి పాలకొండ చేరింది. ఒక ఆదివారం పొద్దున్న మా ఆయన మేనమామ, అంటే మా అత్తగారి అన్నగారు, చేతిసంచీతో దిగారు. మా ఆయన వరండాలో సైకిలు తుడుచుకుంటున్నారు. పెద్దాయన ఆయన్ని పైనుంచి కిందదాకా చూసి, "ఏరా, దగ్గు తగ్గిందేటి?" అన్నారు. దగ్గేటి మావా అని మా ఆయన నవ్వితే, "దాసకురా, ఊరందరికీ తెలిసిపోయింది. బట్టలు సర్దు, రేపు ఇశాపట్నం పెద్దాసుపత్రికి ఎల్దుం" అన్నారు. సెలవురోజు కదా, కేకలు విని పక్కింటావిడా, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ గుమ్మం దగ్గరికి చేరారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితాలు ఆ నెలలోనే వెళ్ళాలి. ఇప్పుడు నేను సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళినా, ఇంట్లో కూర్చుని లేని జబ్బుకి సేవ చేసినా, ఆ కాగితాల్లో నా పేరు ఉండదు.

నేను స్టవ్వు తెచ్చి ముందు వరండాలోనే, అందరి ఎదుటే పెట్టాను. దొంగతనం చేస్తున్నట్టు వెనక వరండాలో కాల్చడం నాకు ఆ క్షణంలో పరమ అసహ్యం వేసింది. బ్రెడ్డు తెచ్చాను, కూరలు తెచ్చాను, పచ్చడి తెచ్చాను. పెనం మీద ఒక్కొక్కటీ పెట్టి, చెంబు పెట్టి, తిప్పి, మా ఆయన పళ్ళెంలో వేశాను. తినండి అన్నాను. ఆయనకి నా సంగతి అప్పటికే బాగా తెలుసు కాబట్టి ఎదురుమాట్లాడకుండా తిన్నారు. ఇంకోటి వేశాను, తిన్నారు. వేసినకొద్దీ తిన్నారు, కరకరమని వీధిలోకి వినపడేలా తిన్నారు. పక్కింటావిడ చూపు ఆయన పళ్ళెం మీదనుంచి కదలలేదు.

పెద్దాయన మాత్రం చూడలేదు. ఆయన చెల్లెలి వైపు తిరిగి, "కోడల్ని డ్యూటీ మానిపించీ. మొగుడికి పత్తెం ఎట్టుకోవల్సిన ఆడదానికి ఆపీసులేటి? అప్పుడు నువ్వూ ఇలాగే మీ ఆయన్ని ఒగ్గీసి పోగొట్టుకున్నావు" అన్నారు.

మా అత్తగారు అంతవరకూ తలుపు పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నారు. ఆ మాట విని తలెత్తారు. అంతకుముందు గాని, ఆ తరవాత గాని ఆవిడ అంత గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. "ఏటన్నావు అన్నియ్యా? నాను ఒగ్గీసినానా? ఆ మడిసికి మెతుకు దిగనప్పుడు తలకాయి ఒళ్ళో ఎట్టుకుని సెంచాతో పాలు పోసినదెవులు? నువ్వొచ్చినావా? నీ పెల్లాన్ని పంపినావా? ఇదిగో, నా కొడుకు తింతన్నాడు, సూడు. జబ్బున్నోడు అలాగ తింతాడేటి? నా కోడలు రొట్టి కాలుస్తాది, డ్యూటీకెల్తాది. ఎవులొచ్చి ఆపుతారో నానూ సూస్తాను!" అన్నారు.

నేను పెనం మీదికి వంగి మాడిపోతున్న ముక్కని తిప్పుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను. ఎవరైనా అడిగితే ఉల్లిపాయ అని చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు. పక్కింటావిడే ముందుగా చెయ్యి చాచి ఒక ముక్క తీసుకుని కొరికింది, పచ్చడిలో ఏటి వేశావని అడిగింది. పెద్దాయన చాలాసేపు బెట్టు చేసి, మధ్యాహ్నం తిరుగు బస్సుకి బయలుదేరేటప్పుడు మాత్రం రెండు ఆకులో చుట్టి ఇమ్మన్నారు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వంటింట్లో రోలు చప్పుడు వినిపించింది. మా అత్తగారు వలిసెలు రుబ్బుతున్నారు. నా వైపు చూడకుండా, "బస్సు పోతాది, తానం కానీయి" అన్నారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తరవాత చేతులు ఆడినన్నాళ్ళూ ఆ పచ్చడి ఆవిడే రుబ్బారు. కానీ ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. బతిమాలితే, నాకొద్దమ్మి, మీరు తినండి అనేవారు. ఆవిడ భయం పోలేదు, ఆ భయాన్ని పక్కన పెట్టుకునే నా పక్షాన నిలబడ్డారు. వీధిలో ఎవరైనా, కోడలు పొద్దున్నే అన్నం వండదేటి అని కదిపితే, ఆవిడ సమాధానం విన్నవాళ్ళు రెండోసారి కదిపేవారు కాదు. నేను పదవీ విరమణ చేసిన రోజు దండలు వేసి అందరూ ఏదేదో మాట్లాడారు. నాకు మాత్రం ఆవిడే గుర్తొచ్చారు. అప్పటికి ఆవిడ లేరు.

ఈ కథంతా మనసులో తిప్పుకుంటూనే మొన్న రైలెక్కి రాయగడ వెళ్ళాను. మా ఆయన కూడా వస్తానన్నారు గాని, మోకాళ్ళు చూసుకుని, నా వాటా ఇక్కడే కాల్చి పెట్టి వెళ్ళు అన్నారు. అమ్మాయి వంటిల్లు చూస్తే అన్నీ ఉన్నాయి. గీతలు పడేలా కాల్చే కరెంటు మిషను ఉంది, చోడిపిండి, అదే రాగిపిండి, కలిపిన బ్రెడ్డు ఉంది, ఆ బ్రెడ్డు ఆ ఊళ్ళోనే ఎవరో చేసి అమ్ముతున్నారట. నాకు అప్పట్లో లేనివన్నీ దానికి ఉన్నాయి. లేనిది ధైర్యం ఒక్కటే. నేను కూరలు తరిగి, నీరు పిండేసి, మొలకలు మెదిపి, పచ్చడి మిక్సీలో తిప్పి, ఆ మిషనులో పెట్టి కాల్చాను. మనవరాలు ఒకటి తిని ఇంకోటి అడిగింది. చూశావా, ఇందులో ఏం లోటని నీ మీద నువ్వు నేరం మోపుకుంటున్నావు, అన్నాను అమ్మాయితో. అది తలూపింది. ఊపుతూనే ఫోను చూసుకుంది. ఎవరో మళ్ళీ ఏదో రాశారు, దాని ముఖం మళ్ళీ వాడిపోయింది.

ఆ రాసినావిడ ఇల్లెక్కడో చెప్పు, వెళ్ళి మాట్లాడతాను అన్నాను. అమ్మాయి నవ్వింది. ఇల్లేమిటమ్మా, ఆవిడ ఎవరో కూడా నాకు తెలియదు, గుంపులో చాలామంది ఉంటారు, ఎవరూ ఎవరింటికీ రారు, అంది. అప్పుడు మొదటిసారి నాకు చేతులు కట్టేసినట్టయింది. నా చేత ఉద్యోగం మాన్పించాలని చూసినవాళ్ళు మా వరండాలో కూర్చున్నారు. బార్లీ పట్టుకుని వచ్చారు, బస్సెక్కి వచ్చారు, నా ఎదురుగా నిలబడి అన్నారు. అన్నారు గనక నేనూ అనగలిగాను, స్టవ్వు తెచ్చి వాళ్ళ ముందు పెట్టగలిగాను. వాళ్ళలోంచే ఒక మనిషి లేచి నా తరఫున అరిచింది. మా అమ్మాయి ఎవరి ముందు పెట్టుకుంటుంది పొయ్యి? దాని తరఫున ఎవరు అరుస్తారు? నేను అరిస్తే వినేవాళ్ళెవరు? పోట్లాడిన మనుషుల మీద ఇన్నాళ్ళకి నాకు బెంగ కలిగిందంటే మీరు నవ్వకండి.

అయినా నేను ఓడిపోయినట్టు ఒప్పుకోను. ఆ రాక్షసి గుంపులోంచి బయటికి వచ్చెయ్యి అన్నాను, రాలేనమ్మా, బడి కబుర్లన్నీ అందులోనే వస్తాయి, అంది. సరే, అయితే ఉద్యోగం విసుగొచ్చి మానితే మాను, అలిసిపోయి మానితే మాను, ఈ బ్రెడ్డు కోసం మాత్రం మానకు, మానితే నేను నీతో మాట్లాడను, అన్నాను. కన్నకూతురితో అలా మాట్లాడవచ్చునా అంటే, మాట్లాడతాను. సోమవారం పొద్దున్న పాప డబ్బాలో నేనే సాండ్‌విచ్‌లు సర్ది, అమ్మాయి బ్యాగు దాని భుజానికి తగిలించి, దానితో వీధి చివరిదాకా నడిచాను. బ్యాంకుకే వెళ్ళింది. పై సోమవారం నేను అక్కడ ఉండను.